శత్రువు లేని పతనం

మా చిత్తూరు సీమ జనానికి పతనం చూడటం కొత్తేమీ కాదు. ఎండాకాలం వచ్చి చేలల్లో పని తగ్గాక ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర భారతం పెడతారు. పగలు హరికథ, రాత్రి నాటకం. ఒకరోజు బకాసురుడి బండి ఊళ్లో తిరుగుతుంది. ఇంకోరోజు అర్జునుడి వేషగాడు తపసుమాను ఎక్కి పైనుంచి నిమ్మకాయలు విసురుతాడు. చివరిరోజు మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడు నేలమీద వెల్లకిలా పడి ఉంటే, భీముడు గదతో తొడ పగలగొడతాడు. పాకాల చుట్టుపక్కల పల్లెల్లో అక్షరం ముక్క రాని ముసలమ్మను అడిగినా ఎవడు పడ్డాడో, ఎందుకు పడ్డాడో, పడగొట్టిందెవరో తడుముకోకుండా చెబుతుంది. నాటకంలో పతనానికి ఒక లెక్క ఉంటుంది.

ఇదే నేలమీద రంగస్థలం ఎక్కి, చిత్తూరు పేరునే ఇంటిపేరుగా మోసుకుని మద్రాసు వెళ్లి, మహారాజుల చేత సన్మానాలు అందుకుని, చివరికి చేతిలో చిల్లిగవ్వ లేకుండా వెళ్లిపోయిన మనిషి కథకు ఆ లెక్క సరిపోదు. చిత్తూరు వి. నాగయ్యకు పగవాడంటూ ఎవరూ లేరు. జూదం లేదు, వేటకుక్కల్లా వెంటబడ్డ కోర్టు కేసు లేదు, జనం ఛీకొట్టిన కుంభకోణం లేదు. ఆయన్ను తిట్టినవాడు తెలుగు సినిమా చరిత్రలో కనిపించడు. అందరూ చేతులెత్తి మొక్కుతుండగానే ఆయన మెట్టు మెట్టుగా కిందికి దిగిపోయాడు.

ఉప్పలదడియం నాగయ్య 1904 మార్చి 28న గుంటూరు జిల్లా రేపల్లెలో పుట్టాడు. పుట్టిన ఊరు డెల్టాలో ఉన్నా, బతుకు ఆయన్ను రాయలసీమ దక్షిణపు అంచుకు తెచ్చింది. చిత్తూరు అప్పటికి చిన్న జిల్లా కేంద్రం. ఒకవైపు తమిళం, ఇంకోవైపు కన్నడం, నడుమ తెలుగు. చిత్తూరు నుంచి తిరుపతి వైపు రైలెక్కితే పాకాల మీదుగానే వెళ్లాలి. 1890ల మొదట్లో మీటర్‌గేజిగా వేసిన ఆ దారి పాకాల దగ్గర చీలుతుంది. ఒక కొమ్మ కాట్పాడి మీదుగా తమిళదేశానికి, ఒకటి తిరుపతి మీదుగా గూడూరుకు, మరొకటి మదనపల్లె, కదిరి దాటి ధర్మవరానికి. హార్మోనియం పెట్టెలు, తెరల మూటలు, కిరీటాల ట్రంకులు వేసుకుని తిరిగే నాటక సమాజాలకు ఇలాంటి జంక్షన్లు బాగా పరిచయం. మూడు భాషల పాటలు కలిసే ఈ సీమలో చెవి పదును పెట్టుకున్న గాయకుడికి కర్ణాటక సంగీతం, తెలుగు పద్యం, తమిళ నాటకపు పాట వేర్వేరు ఇళ్లలా అనిపించవు. తర్వాత నాగయ్య తెలుగులోనూ తమిళంలోనూ ఒకే నిబ్బరంతో పాడటానికి పునాది ఇక్కడే పడింది.

చిత్తూరులో రామవిలాస సభ ఆయన్ను నటుణ్ణి చేసింది. ఆ సభ ఆడిన సారంగధర నాటకంలో ఆయన వేసింది చిత్రాంగి వేషం. అప్పట్లో ఆడవేషాలు మగవాళ్లే కట్టేవారు. సవతి కొడుకు మీద మనసుపడి, అతను కాదంటే నింద మోపి, రాజు చేత శిక్ష వేయించే రాణి పాత్ర అది. ఆ వేషం వేసిన నాగయ్య 1941లో తమిళంలో అశోక్ కుమార్ సినిమాలో అశోక చక్రవర్తిగా కనిపిస్తాడు. కథ పేరు మారింది గానీ నడక అదే. సవతి తల్లి మోహం, కొడుకు మీద నింద, తండ్రి తొందరపాటు తీర్పు. చిత్తూరు స్టేజీ మీద నింద వేసినవాడు మద్రాసు తెరమీద ఆ నింద నమ్మి కొడుకును శిక్షించి కుమిలిపోయే తండ్రి అయ్యాడు. పాపం చేసినవాళ్ల బాధ కూడా ఆయన గొంతులో ఒదిగేది.

నాటకం కడుపు నింపే రోజులు కావవి. ఆయన గుమాస్తాగిరీ చేశాడు, ఆంధ్రపత్రికకు వార్తలు రాశాడు, 1930లో ఉప్పు సత్యాగ్రహం వైపు నడిచాడు. సంసారం ఆయనకు అచ్చిరాలేదు. భార్యావియోగం ఆయన్ను తిరువణ్ణామలైకి, రమణ మహర్షి ఆశ్రమానికి తీసుకెళ్లింది. అక్కడ కొంతకాలం ఉండి మళ్లీ లోకంలోకి వచ్చాడు. ముప్పై ఏళ్లు దాటేసరికే ఉద్యోగం, ఉద్యమం, సన్యాసం మూడింటి గుమ్మాలూ తొక్కిన మనిషి, సినిమాలోకి పేరు కోసం ఆత్రంగా పరుగెత్తుకు వచ్చిన కుర్రాడు కాడు. డబ్బు తన దగ్గరికి రాకముందే దానిమీద ఒక రకమైన నిర్లక్ష్యం ఆయనలో స్థిరపడి ఉండాలి. తర్వాత జరిగినదంతా చూస్తే అలాగే అనిపిస్తుంది.

1938లో హెచ్.ఎం. రెడ్డి తీసిన గృహలక్ష్మితో ఆయన తెరమీదికొచ్చాడు. వేసింది సంఘసంస్కర్త వేషం. కల్లు మానమని చెప్పే పాట ఆయన గొంతులో ఊరూరా పాకింది. ఆ మరుసటి ఏడాదే బి.ఎన్. రెడ్డి వాహినీ సంస్థ మొదటి సినిమా వందేమాతరంకు ఆయన్నే కథానాయకుడిగా, సంగీత దర్శకుడిగా తీసుకున్నాడు. పులివెందుల ప్రాంతం నుంచి వెళ్లిన బి.ఎన్. రెడ్డి, తాడిపత్రి నుంచి వెళ్లిన కె.వి. రెడ్డి, చిత్తూరు నుంచి వెళ్లిన నాగయ్య. మద్రాసులో తెలుగు సినిమాకు గౌరవం తెచ్చిన ఆ తొలి బృందంలో రాయలసీమ వాటా తక్కువేమీ కాదు.

1940లో సుమంగళి. కందుకూరి వీరేశలింగం ఛాయల్లో మలచిన వయసు మళ్లిన పంతులు పాత్రను ముప్పై ఆరేళ్ల నాగయ్య వేశాడు. హీరో అన్నవాడు తల నెరిసిన వేషం కట్టడానికి జంకే కాలం వచ్చేది తర్వాత. 1941లో దేవత. ఇంగ్లండు వెళ్లి బారిష్టరు చదివి వచ్చి, ఇంట్లో పనిపిల్లను లొంగదీసుకుని, ఆపైన పశ్చాత్తాపంతో కాలిపోయే వేణు పాత్ర. 1945లో స్వర్గసీమ. పత్రిక నడుపుకుంటూ భార్యాపిల్లలతో సుఖంగా ఉన్న మూర్తి, భానుమతి వేసిన సుజాత మాయలో పడి సంసారాన్ని, పరువును పోగొట్టుకుంటాడు. పతనమయ్యే మనిషి ముఖం మీద ఏం కదులుతుందో తెలుగు తెరకు మొదట చూపించినవాడు నాగయ్యే. ఆయన అరవడు, గుండెలు బాదుకోడు. మాట మధ్యలో ఒక ఊపిరి ఆపుతాడు, అంతే. పద్యనాటకంలో రాగం సాగదీసి చప్పట్లు కొట్టించుకున్న తరం నుంచి వచ్చి, మైకు ముందు మెల్లగా మాట్లాడితే చాలని అంత త్వరగా పట్టుకోవడం మామూలు విషయం కాదు. ఫిల్మిండియా సంపాదకుడు బాబూరావు పటేల్ ఆయన్ను భారతదేశపు పాల్ ముని అన్నాడు. ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి పూర్తిగా మారిపోయే హాలీవుడ్ నటుడు పాల్ ముని. ఎవరినీ మెచ్చుకోడని పేరుపడిన కలం నుంచి వచ్చిన మాట కనుక దానికి అంత విలువ.

ఇక ఆయన్ను నటుడి స్థానం నుంచి ఎత్తి పూజాపీఠం మీద కూర్చోబెట్టిన సినిమాల సంగతి. 1943లో కె.వి. రెడ్డి మొదటిసారి దర్శకత్వం వహించిన భక్త పోతన. 1946లో నాగయ్య స్వయంగా నిర్మించి, దర్శకత్వం వహించి, సంగీతం కూర్చి, నటించిన త్యాగయ్య. 1947లో మళ్లీ కె.వి. రెడ్డి చేతిలో యోగి వేమన. చాలా ఏళ్ల తర్వాత, 1964లో, రామదాసు. ఈ నాలుగింటినీ భక్తి చిత్రాలని ఒక గాటన కట్టేస్తారు. దగ్గరగా చూస్తే నాలుగింటి నడుమా ఇంకో దారం కనిపిస్తుంది. నలుగురూ డబ్బుతో తగువు పడ్డవాళ్లే. భాగవతాన్ని రాజుకు అంకితమివ్వనని నాగలి పట్టాడు పోతన. తంజావూరు దర్బారు పంపిన కానుకలు వెనక్కి పంపి ఉంఛవృత్తితో బతికాడు త్యాగయ్య. ఉన్నదంతా ఊడ్చిపెట్టి గోచీతో బయటికి నడిచాడు వేమన. సర్కారు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టి గోలకొండ చెరలో పడ్డాడు రామదాసు. నలుగురి ముందూ సంపద వచ్చి నిలబడింది, నలుగురూ దాన్ని తమ దగ్గర ఉంచుకోలేదు. ఏళ్ల తరబడి ఆ నలుగురి గొంతులతో మాట్లాడిన నటుడి మనసులో ఆ మాటలు కొన్నైనా ఇంకిపోకుండా ఉంటాయా?

జనం మాత్రం ఇంకాయనే నమ్మారు. పోతన చూసి వచ్చినవాళ్లు నాగయ్య కనబడితే కాళ్లకు మొక్కేవారని ఆ తరంవాళ్లు చెప్పేవారు. త్యాగయ్య తర్వాత మైసూరు, తిరువాన్కూరు సంస్థానాలు ఆయన్ను పిలిచి సత్కరించాయి. రాజుల కానుకలు కాదన్న వాగ్గేయకారుడి వేషం వేసినందుకు రాజులే కానుకలిచ్చారు. వచ్చిన సొమ్ముతో ఆయన తిరువయ్యూరులో త్యాగరాజస్వామి పేర సత్రం కట్టించాడు. ఆ రోజుల్లో సినిమాకు లక్ష రూపాయలు అందుకున్న నటుడని ఆయన గురించి చెప్పుకునేవారు. నలభైల నాటి లక్షను ఇప్పటి లెక్కలోకి మార్చి చెప్పడం కష్టం. ఒక మధ్యతరగతి గుమాస్తా జీవితమంతా పనిచేసినా ముట్టని మొత్తం అనుకుంటే చాలు.

మద్రాసులో ఆయన ఇల్లు, తోట, కార్లు అన్నీ వైభవంగా ఉండేవి. వంటగదిలో పొయ్యి ఆరేది కాదు. అప్పటి మద్రాసు తెలుగువాళ్ల రాజధాని. సినిమా ఆశతో రైలెక్కి సెంట్రల్ స్టేషన్‌లో దిగిన కుర్రవాడికి బంధువు ఉన్నా లేకపోయినా నాగయ్య గారి ఇల్లు ఉంది. భోజనానికి వచ్చినవాణ్ణి ఎవరు నువ్వని అడిగే అలవాటు ఆ ఇంట్లో లేదు. కొడుక్కి ఫీజు కట్టాలన్నవాడు, కూతురి పెళ్లి అన్నవాడు, ఊరికి పోవడానికి చార్జీ లేదన్నవాడు, అబద్ధం చెప్పినవాడు, నిజం చెప్పినవాడు, అందరూ ఒకే గుమ్మంలోంచి లోపలికి వచ్చి ఒకే రకంగా చెయ్యి నింపుకుని వెళ్లారు. అబద్ధం చెప్పేవాణ్ణి కనిపెట్టలేనంత అమాయకుడా ఆయన? మనుషుల ముఖాల్లో సన్నని ఛాయలన్నీ చదివి తెరమీద పెట్టిన నటుడికి అది తెలియకపోదు. అప్పు అని పుచ్చుకున్న సొమ్ము తిరిగి రాలేదు. ఆయన అడగనూ లేదు.

సినిమావాళ్లు నాగయ్య కథ ఇక్కడితో ముగిస్తారు. దానాలు చేసి చెడ్డాడంటారు. కొత్తగా డబ్బు చూస్తున్న నటుడికి పెద్దవాళ్లు చెప్పే హెచ్చరికలో ఆయన పేరు ఉండితీరుతుంది. ఈ ముగింపు నమ్మడానికి తేలిక. కానీ అన్నం పెట్టి లక్షాధికారి బికారి కావాలంటే చాలా అన్నం పెట్టాలి. ఆయన సొమ్మును ఇంకా పెద్ద నోళ్లు కొన్ని తిన్నాయి.

మొదటిది సొంత సినిమా. నటుడికి పారితోషికం ఒకసారి వస్తుంది. సినిమా తీసినవాడికి నష్టం నెలనెలా వస్తుంది. మద్రాసు పద్ధతి ఏమిటంటే, నిర్మాత ఫైనాన్షియర్ దగ్గర వడ్డీకి తెస్తాడు. తయారవుతున్న సినిమా నెగెటివే ఆ అప్పుకు తాకట్టు. షూటింగు ఆగిన ప్రతి నెలా వడ్డీ మాత్రం ఆగదు. నటుల తేదీలు కుదరకపోయినా, సెట్టు మళ్లీ వేయాల్సి వచ్చినా, ఒక దృశ్యం నచ్చక మళ్లీ తీసినా ఆ భారమంతా నిర్మాత నెత్తినే. బాగా లెక్కలు వేయగలవాడే ఇందులో నిలబడతాడు. నాగయ్యకు శ్రుతి తప్పితే తెలుస్తుంది, లెక్క తప్పితే తెలియదు. భాగ్యలక్ష్మి, త్యాగయ్య అంటూ సొంతంగా తీశాడు. 1953లో నా ఇల్లు సినిమాకు దర్శకత్వం వహించాడు. అదే తమిళంలో ఎన్ వీడు. రామదాసు ఏళ్ల తరబడి సాగింది. సర్కారు సొమ్ము గుడికి ఖర్చుపెట్టి చెరలో పడిన మనిషి కథ తీస్తూ, తీసినవాడు అప్పుల చెరలోకి దిగాడు. కబీరు పాత్రకు మహమ్మద్ రఫీ చేత పాడించాడు. చేతిలో ఎంత ఉందో చూసుకోకుండా పాటకు ఏది సరిపోతుందో చూసుకునే మనిషి తీసిన సినిమా అది.

రెండోది ఎవరూ పెద్దగా పట్టించుకోని సంగతి. నాగయ్య వచ్చిన కాలంలో తెరమీద నటించాలంటే పాడగలగాలి. ఆయన గొంతే ఆయన ఆస్తి. 1943లో భాగ్యలక్ష్మిలో కమలా కోట్నిస్‌కు రావు బాలసరస్వతి చేత పాడించారు. తెలుగులో నేపథ్యగానానికి ఆ సినిమాతోనే మొదలు చెబుతారు. అది తీసింది నాగయ్య సొంత సంస్థ రేణుకా ఫిలింస్. పాడటం రానివాళ్లు కూడా నటించవచ్చని తలుపు తీసింది పాటగాడి కంపెనీయే. ఆ తలుపులోంచి పదేళ్లలో ఒక కొత్త తరం లోపలికి వచ్చింది. అదే కె.వి. రెడ్డి 1951లో పాతాళభైరవి తీశాడు. తోటరాముడు ఎన్.టి. రామారావు, పాట ఘంటసాల. 1953లో దేవదాసు వచ్చింది. దేవదాసు నాగేశ్వరరావు, పాట మళ్లీ ఘంటసాల. ముఖం ఒకరిది, గొంతు ఒకరిది అయ్యాక, రెండూ తనవే అయిన మనిషికి హీరో కుర్చీలో చోటు లేకుండా పోయింది. అప్పటికి నాగయ్యకు యాభై దగ్గరపడుతోంది. స్వర్గసీమలో భానుమతి పక్కన చిన్నగా వినిపించిన ఘంటసాల గొంతు ఇప్పుడు తెలుగు సినిమా మొత్తాన్ని నింపింది. ఇందులో ద్రోహం ఏమీ లేదు. కళ మారింది. మారడానికి తోడ్పడ్డవాణ్ణే అది వెనక్కి నెట్టింది.

ఇలా దెబ్బతిన్నవాడు ఆయనొక్కడే కాడు. అశోక్ కుమార్‌లో ఆయన కొడుకు కుణాలుడిగా నటించిన ఎం.కె. త్యాగరాజ భాగవతార్ తమిళనాట ఇంకా పెద్ద పేరున్న గాయక నటుడు. 1944లో లక్ష్మీకాంతన్ హత్యకేసులో అరెస్టయి, 1947లో నిర్దోషిగా బయటికి వచ్చేసరికి ఆయన కాలం దాటిపోయింది. 1959లో పోయాడు. భాగవతార్‌ను కేసు కూల్చిందని చరిత్ర రాస్తారు. కేసు ఏదీ లేని నాగయ్య కూడా అదే చోటికి చేరడం చూస్తే, పాటగాళ్లయిన నటుల కాలానికే ఆ రోజుల్లో తెర పడిందని అర్థమవుతుంది.

పడిపోతున్నా ఆయన పని మాత్రం చెడలేదు. 1950లో విక్టర్ హ్యూగో నవల ఆధారంగా కోయంబత్తూరు పక్షిరాజా స్టూడియోలో తీసిన ఏళై పడుం పాడు, తెలుగులో బీదలపాట్లు, నాగయ్య నటనకు శిఖరమంటారు చాలామంది. రొట్టెముక్క దొంగిలించి జైలుకెళ్లి, తనను నమ్మిన ఒక సాధువు దయతో మనిషిగా మారిన దొంగ కథ. ఆ తర్వాత హీరో వేషాలు తగ్గి తండ్రి వేషాలు మొదలయ్యాయి. 1957లో పాండురంగ మహాత్యంలో కొడుకు గెంటేసిన తండ్రి. 1961లో సీతారామ కల్యాణంలో దశరథుడు. అదే ఏడాది తమిళంలో పావ మన్నిప్పులో దిక్కులేని పసివాణ్ణి పెంచే ముస్లిం ఇస్మాయిల్. 1963లో లవకుశలో వాల్మీకి. నాలుగు దృశ్యాలున్నా, నాలుగు మాటలున్నా ఆయన నిలబడితే ఆ చట్రం నిండేది. ఇప్పటి పిల్లలకు నాగయ్య అంటే తెల్లగడ్డం, మెత్తని మాట, ఆశీర్వదించే చెయ్యి. ఆ చెయ్యి ఇంటికి వెళ్లాక అద్దె డబ్బు లెక్కపెట్టుకునేదని తెరమీద ఎక్కడా తెలియదు.

1965లో పద్మశ్రీ వచ్చింది. దక్షిణాది సినిమా నటుల్లో అది మొదట అందుకున్నవాడు ఆయనేనని చెబుతారు. రామదాసు విడుదలైన మరుసటి ఏడాది అది. దేశం ఆయన్ను గుర్తించిన సమయానికి అప్పులవాళ్లు అంతకంటే ముందే గుర్తించి ఉన్నారు. ఇల్లు పోయింది, తోట పోయింది, కార్లు పోయాయి. ఒకప్పుడు ఆయన కాంపౌండులో నిలబడి వేషం అడిగినవాళ్ల సినిమాల్లో చిన్న వేషాలకు ఆయన వెళ్లాడు. చిన్నవేషమైనా మేకప్ వేసుకుని వేళకు సెట్టుకు వచ్చేవాడట, పాత గొప్పలు తీసేవాడు కాదట. అలా అణిగి ఉండటాన్ని అందరూ పొగిడారు. పొగడటం సులువు. ఆ సెట్టు మీద ఉన్నవాళ్లలో ఎందరు ఆయన ఇంటి అన్నం తిన్నవాళ్లో లెక్క తీసినవాళ్లు లేరు.

1973 డిసెంబరు 30న మద్రాసులో ఆయన కన్నుమూశాడు. అరవైతొమ్మిదేళ్లు. అంత్యక్రియలకు కూడా నలుగురూ తలా కొంత వేసుకోవాల్సి వచ్చిందని అప్పట్నుంచి చెప్పుకుంటున్నారు. ఆ తర్వాత జరగాల్సినవన్నీ సవ్యంగానే జరిగాయి. త్యాగరాయనగర్ పానగల్ పార్కులో విగ్రహం వెలిసింది. చిత్తూరులో నాగయ్య కళాక్షేత్రం ఉంది. సభలు, సన్మానాలు, నాటక పోటీలు ఆయన పేరు రాసిన గోడల మధ్యే జరుగుతుంటాయి. చచ్చినవాడికి గౌరవం చేయడంలో మన తెలుగువాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

బతికున్నవాడి సంగతి వేరే. నటుడి బతుకు అన్ని దేశాల్లోనూ గాలిలో దీపమే. ఫ్రాన్సులో సినిమాకు మంత్రవిద్య నేర్పిన జార్జ్ మెలియెస్ చివరికి పారిస్ మొంపర్నాస్ రైల్వే స్టేషన్‌లో బొమ్మలు, మిఠాయిలు అమ్ముకుంటూ దొరికాడు. కానీ దొరికాక అక్కడి సినిమావాళ్లు ఆయనకు తలదాచుకునే చోటు చూశారు. ఇంగ్లండులో 1920లలోనే ఆల్ఫ్రెడ్ డెన్‌విల్ అనే రంగస్థల నటుడు, నిర్మాత ముసలి నటుల కోసం లండన్ శివార్లలో డెన్‌విల్ హాల్ ఏర్పాటుచేశాడు. స్టేజీ మీద, ఆ తర్వాత టెలివిజన్‌లో నలభై యాభై ఏళ్లు పనిచేసి అలిసిన ఎందరో బ్రిటిష్ నటులు చివరి రోజులు అక్కడ గడిపారు. వాళ్లలో కూడా తాగి తగలేసినవాళ్లు, ఇచ్చి పోగొట్టుకున్నవాళ్లు లేకపోలేదు. ఎందుకు పోగొట్టుకున్నావని అడగకుండా మంచం, అన్నం చూపించే ఏర్పాటు అది. హాలీవుడ్‌లో 1921లోనే చార్లీ చాప్లిన్, మేరీ పిక్‌ఫర్డ్ వంటివాళ్లు కలిసి సహాయనిధి పెట్టారు. నాగయ్య వెలిగిన మద్రాసులో అలాంటిది ఒక్కటే ఉండేది. దాని పేరు నాగయ్య ఇల్లు. నడిపినవాడు నాగయ్య, నిధి నాగయ్య, కార్యవర్గం నాగయ్య. ఆయన పడిపోయిన రోజున ఆ సంస్థ మూతపడింది. పడిపోయినవాడు వెళ్లి తలదాచుకోవడానికి రెండో సంస్థ లేదు.

అందుకే దానాలు చేసి చెడ్డాడన్న మాట నాకు గిట్టదు. పది మంది కలిసి చేయాల్సిన పనిని ఒక్కడు తన జేబులోంచి చేశాడు. మిగతా తొమ్మిదిమందీ తిని, మెచ్చుకుని, వెళ్లిపోయారు. చివరికి చెడినవాడిదే తప్పని తేల్చారు. జాగ్రత్తపడాల్సింది ఇచ్చేవాడొక్కడేనా? పుచ్చుకున్నవాళ్లకు ఏ జాగ్రత్తా అక్కర్లేదా?

అలాగని ఆయన పేదరికాన్ని పుణ్యంగా చూపించడమూ అన్యాయమే. ఆయన బీదతనాన్ని కోరి తెచ్చుకోలేదు. చివరిదాకా పనికోసం ప్రయత్నించాడు, అప్పు తీర్చాలని చూశాడు, మళ్లీ ఒక సినిమా నిలబడితే చాలనుకున్నాడు. డెబ్బై దగ్గరపడ్డ ఒంటితో విగ్గు, గడ్డం అంటించుకుని లైట్ల కింద నిలబడటం వైరాగ్యం కాదు, అవసరం. ఆయన ఋషి కాడు. ఋషుల వేషాలు వేసి, వాళ్లలాగే ఇచ్చి, వాళ్లకు లేని అప్పులు మోసిన మామూలు మనిషి. ఆ అప్పుల్లో ఆయనకు పొద్దు గడిచిందెలాగో, రాత్రి నిద్ర పట్టిందో లేదో ఏ పద్మశ్రీ పత్రంలోనూ రాసి ఉండదు.

పోతన పేదగా పోతే దాన్ని భక్తి అంటాం. త్యాగయ్య వీధిలో బిచ్చమెత్తితే వైరాగ్యం అంటాం. వేమన గోచీతో తిరిగితే జ్ఞానం అంటాం. ఆ ముగ్గురినీ మన కళ్లముందు నిలబెట్టిన నాగయ్య పేదగా పోతే మాత్రం చేతకానితనం అంటాం. ఈ తేడా ఎక్కడినుంచి వచ్చిందో వెతకడానికి ఎక్కువ దూరం పోనక్కర్లేదు. ఆ ముగ్గురి లేమిలో మన బాకీ లేదు.